బోర్దో మండలపు ద్రాక్షతోటలు - ఆసవశాలలు

కోనసీమలో కొబ్బరిచెట్టునకు మొవ్వుకుళ్ళు సోకినపుడును, ఆకుతోటలో తమలపాకుతీగ కుళ్ళనారంభించినపుడును, కర్ణాటకమున మలెనాటి పోకతోటలలో వానకాలపు కాయకుళ్ళు తలసూపినపుడును రైతు మొట్టమొదట తలచుకొను మందు ఒకటి గలదు. ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము, నూరు లీటర్ల నీరు కలిపి చేయు ఆ నీలిరంగు మందునకు బోర్డో మిశ్రమమని పేరు. ఈ పేరు తెలుగు రైతునకు సుపరిచితమే. కాని ఆ బోర్డో యెచట నున్నది, ఆ మందు ఏ పైరు కొఱకు, ఎట్టి యిక్కట్టులో పుట్టినది అను సంగతి పలువురకు తెలియదు.

బోర్డో యనగా ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున గల బోర్దో నగరము. 1954 వఱకు ఫ్రెంచి యేలుబడిలో నుండిన యానాము తెలుగువారికి ఫ్రాన్సు పేరు క్రొత్తది కాదు. ఆ దేశమున బోర్దో నగరమును చుట్టియున్న జిరోండ్ మండలము ద్రాక్షాసవమునకు లోకప్రసిద్ధము. ఇచట ఆసవమను మాటను కొంత వివరింపవలసియున్నది. కాచి, ఆవిరిని చల్లార్చి దింపునది సారాయము. కాచక, రసమును తనంతట తాను పులియనిచ్చి చేయునది ఆసవము. మన ఆయుర్వేదమున ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము అను ఔషధములు ప్రసిద్ధములే. బోర్దో పానీయము ఈ రెండవ జాతికి చెందినది. పానము మంచిదా చెడ్డదా యను చర్చ ఈ వ్యాసమునకు వెలుపలిది. ఒక పంట, ఒక పరిశ్రమ, ఒక పేరు ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచెనో, నేడెట్టి చిక్కులో నున్నదో తెలిసికొనుటయే ప్రస్తుతము.

దేశస్థితి

పిరనీసు పర్వతములనుండి వచ్చు గారోన్ నదియు, ఫ్రాన్సు మధ్యభాగపు కొండలలో పుట్టిన డోర్డోన్ నదియు బోర్దో నగరమునకు కొంచెము దిగువను కలిసి జిరోండ్ అను పెద్ద నదీముఖమగుచున్నవి. సుమారు 75 కిలోమీటర్ల పొడవు గల ఈ నదీముఖము పశ్చిమ ఐరోపాలో మిక్కిలి పెద్దది. సముద్రపు పోటు దీని వెంబడి నదులలోనికి చాల దూరము వచ్చును. అందుచేతనే రెండు నదుల నడుమనున్న భూభాగమునకు 'రెండు సముద్రముల నడిమి సీమ' అను అర్థము గల పేరు కలిగినది. గోదావరి పాయల నడుమ కోనసీమయెట్టిదో, ఆ నదుల నడుమ ఈ సీమ యట్టిది.

ఎడమగట్టున మెడోక్, గ్రావ్ అను సీమలు గలవు. ఇచట నేల యనదగినది స్వల్పము, గులకరాయి మెండు. పూర్వకాలమున నదులు కొండలనుండి మోసికొనివచ్చిన ఈ గులకరాళ్ళు వాననీటిని నిలువనీయవు. పగటియెండను దాచుకొని రాత్రి తీగకు వెచ్చదన మిచ్చును. సారవంతమైన నేలలో ద్రాక్షతీగ ఆకులు తొడిగి కాయలను మఱచును. నిస్సారమగు నేలలో నీటికై వేరు లోతునకు దిగి, తీగ తక్కువ కాయలు కాచినను వాని రసము చిక్కనై యుండును. వరికి పనికిరాని భూమి ద్రాక్షకు మేలగుట యిందువలననే. ఆలస్యముగ పండు కబెర్నే సోవిన్యోన్ అను రకమునకు ఈ గులకనేల అనువైనది. దీని కాయ చిన్నది, తోలు దళసరి. ఆసవము మొదట వగరుగ నుండి చిరకాలము నిలిచి మృదువగును.

కుడిగట్టున సాంతెమిలియోన్, పొమెరోల్ అను సీమలు గలవు. అచట సున్నపురాయియు బంకమన్నును హెచ్చు. చల్లని ఆ నేలలో త్వరగా పండు మెర్లో అను రకము బాగుగ పండును. మండలమంతటిలోను నేడు ఎక్కువగ సాగగుచున్నది ఈ మెర్లోయే. ఒకే రకమును నమ్ముకొనక, రెండు మూడు రకముల ఆసవములను కలిపి ఒకటిగ చేయుట బోర్దో సంప్రదాయము. పూతకాలమున వాన కురిసి మెర్లో చెడినను, కోతకాలమున చలి ముందుగ వచ్చి కబెర్నే చెడినను రైతు పూర్తిగ నష్టపోకుండుట దీనివలన సాధ్యమైనది.

దక్షిణమున సోతెర్న్ అను చిన్న సీమ గలదు. సిరోన్ అను చల్లని వాగు వెచ్చని గారోన్‌లో కలియుచోట శరత్కాలపు ఉదయములందు మంచు కమ్మును. ఆ తేమలో ద్రాక్షపండ్లకు ఒక బూజు పట్టును. మధ్యాహ్నపు టెండ తేమను ఆర్పివేయుటచే ఆ బూజు పండును కుళ్ళింపక అందలి నీటిని మాత్రము హరించి, తీపిని మిగుల్చును. కూలివారు ఒకేసారి కోయక, ఎండి ముడుతపడిన పండ్లను మాత్రమే ఏరుచు వారములతరబడి తోటను పలుమాఱులు తిరుగుదురు. ఈ సీమలో మేటియగు ఇకెమ్ తోటయందు ఒక్కొక్క తీగకు ఒక గ్లాసెడు ఆసవమే దక్కునని చెప్పుదురు. అన్యత్ర తెగులైన బూజు ఇచట వరమైనది.

పూర్వచరిత్ర

క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటికే రోమనుల యేలుబడిలో బుర్దిగాల యనబడిన ఈ నగర పరిసరములందు ద్రాక్ష నాటబడినది. నాలుగవ శతాబ్దిలో ఇచట పుట్టిన లాటిను కవి ఔసోనియసునకు స్వంత తోట యుండెడిది. సాంతెమిలియోన్‌లోని ఓసోన్ అను తోట పేరు ఆయన స్మృతియే.

బోర్దో ఆసవమునకు విదేశఖ్యాతి తెచ్చినది ఒక వివాహము. 1152లో ఈ దేశపు రాణియగు ఎలియనోరు హెన్రీ ప్లాంటాజెనెట్‌ను వరించెను. రెండేండ్లకు అతడు ఇంగ్లాండు రాజాయెను. నాటినుండి మూడు వందల యేండ్లు బోర్దో ఇంగ్లీషు రాజుల ఏలుబడిలో నుండెను. ప్రతి శరత్తునను ఓడల బారులు క్రొత్త ఆసవము నింపుకొని ఇంగ్లాండునకు పోవుచుండెడివి. ఓడ పరిమాణమును తెలుపు 'టన్నేజి' అను మాట ఆనాటి ఆసవపు పెద్ద పీపా పేరునుండి పుట్టినదే. 1453 జూలై 17వ తేదీన కాస్తియోన్ యుద్ధమున ఇంగ్లీషువారు ఓడిపోయి దేశమును కోల్పోయిరి గాని, ఆ రుచిని కోల్పోలేదు. 1663లో లండను నగరపు పానశాలలో ఓ-బ్రియోన్ తోట ఆసవమును రుచిచూచిన సామ్యూల్ పీప్స్ దాని విశిష్టతను తన దినచర్యలో వ్రాసికొనెను. పలానా ఊరి ఆసవమని గాక, పలానా తోట ఆసవమని పేరు పెట్టి అమ్ముట ఇట్లు ప్రారంభమైనది.

నేడు మిక్కిలి విలువ గల మెడోక్ సీమ యొకప్పుడు చాలవఱకు బురదనేల. పదునేడవ శతాబ్దిలో హాలండునుండి వచ్చిన నిపుణులు కాలువలు త్రవ్వి నీటిని తీసివేసిన తరువాతనే అచటి గులకదిబ్బలు తోటలకు పూర్తిగ అక్కఱకు వచ్చినవి. పదునెనిమిదవ శతాబ్దిలో నగరము అపారమైన సంపదతో తులతూగెను. ఆ సంపదయంతయు ద్రాక్షనుండి వచ్చినది కాదు. కరిబియను దీవుల చక్కెర వర్తకమునుండియు, ఆఫ్రికానుండి లక్షకు మించిన మానవులను బానిసలుగ కొనిపోయిన ఓడలనుండియు వచ్చినది గూడ అందు గలదు. నగరపు రేవున నిలిచిన అందమైన రాతిమేడలను వర్ణించునపుడు ఈ సత్యమును మఱువరాదు.

షాతోలు - వర్తకులు - తరగతులు

ఫ్రెంచిలో 'షాతో' యనగా కోట. బోర్దో మండలమున మాత్రము తోట, భవనము, ఆసవశాల కలిసిన ఆస్తికంతకును షాతో యని పేరు. నాలుగు బురుజుల మేడయైనను, పెంకుటిల్లయినను ఆ పేరు చెల్లును. షాతో యజమాని పండించును. దళారి ధర కుదుర్చును. నగరమున షార్త్రోన్ పేటలోని వర్తకుడు కొని లోకమునకు అమ్మును. ఈ మూడంచెల పద్ధతి నేటికిని నిలిచియున్నది. పేరుగల ఆసవములను పీపాలలో నుండగానే, కోత కోసిన మఱుసటి వసంతమున, అమ్మివేయుదురు. వర్తకుడు ముందుగ ధనమిచ్చి, సరకు సీసాలలో చేరి చేతికి వచ్చువఱకు ఏడాదికి పైగా వేచియుండును.

1855లో పారిసు నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకై మూడవ నెపోలియను చక్రవర్తి కాలమున బోర్దో దళారులు ఒక పట్టిక కూర్చిరి. ఎఱ్ఱ ఆసవపు తోటలను అయిదు తరగతులుగ విభజించిరి. మొదటి తరగతిలో లఫీత్, లతూర్, మార్గో, ఓ-బ్రియోన్ అను నాలుగు తోటలు నిలిచెను. ఓ-బ్రియోన్ తక్క తక్కినవన్నియు మెడోక్ సీమవియే. ఈ పట్టికకు ప్రమాణము రుచిపరీక్ష కాదు. అనేక సంవత్సరములుగ ఆయా తోటల సరకు పలికిన ధరయే. తాత్కాలికముగ వ్రాసిన ఆ పట్టిక శాసనమువలె నిలిచిపోయినది. 1973లో ముతోన్ తోట రెండవ తరగతినుండి మొదటికి చేర్పబడుట దక్క చెప్పుకోదగిన మార్పు లేదు. కుడిగట్టు తోటలకు ఆ పట్టికలో చోటు లేకపోయెను. సాంతెమిలియోన్‌వారు 1955లో తమ పట్టికను తాము వేసికొని, సుమారు పదేండ్లకొకసారి దానిని సవరించుచున్నారు. ఆ సవరణలు వ్యాజ్యములకు దారితీయుచున్నవి. 2022 నాటి సవరణకు ముందే ఓసోన్, షెవాల్ బ్లాన్ మొదలగు మేటి తోటలు తప్పుకొన్నవి. పొమెరోల్‌లో పట్టికయే లేదు. అయినను అచటి పెత్రూస్ ఆసవము అన్నిటికంటె ఖరీదైన వానిలో నొకటి. ధర తరగతిని నిర్ణయించునా, తరగతి ధరను నిర్ణయించునా యను ప్రశ్నకు దీనిని మించిన ఉదాహరణము లేదు.

ఈ తోటలలో ఒకదానికి భారతదేశముతో సంబంధము గలదు. మెడోక్‌లోని సాంతెస్తెఫ్ గ్రామమున లూయీ గాస్పార్ దెస్తూర్నెల్ అను నతడు తన ఆసవమును ఇండియాకు ఓడలలో పంపి వర్తకము చేసెను. అమ్ముడుపోక తిరిగివచ్చిన సరకు సముద్రయానముచే మఱింత పక్వమైనదని మెచ్చి దానికి ప్రత్యేకపు గుర్తు వేసెనని ప్రతీతి. ఆ మోజుతో తన ఆసవశాలకు ప్రాగ్దేశపు గోపురములను కట్టించెను. ఊరివారతనిని 'మహారాజు' అనిరి. కాని అప్పులపాలై 1852లో తోటనమ్ముకొని, మరుసటి సంవత్సరము కన్నుమూసెను. అతడు పోయిన రెండేండ్లకు ఆ తోట 1855 పట్టికలో రెండవ తరగతి కెక్కినది. ఆ గోపురములు నేటికిని నిలిచియున్నవి.

ఆసవము తయారగు విధము

సాధారణముగ సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కోత జరుగును. గుత్తులనుండి కాడలను తీసివేసి, పండ్లను చిదిపి, కొయ్య లేక ఉక్కు లేక సిమెంటు తొట్లలో పోయుదురు. ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను మద్యసారముగను బొగ్గుపులుసు గాలిగను మార్చును. పండు రసము సహజముగ దాదాపు రంగు లేనిది. ఎఱుపును వగరును తోలునందున్నవి. కావున రసమును తోలుతో కలిపి రెండు మూడు వారములు నాననిత్తురు. పైకి తేలు తోలుతెట్టుపై అడుగునుండి రసమును తోడి పోయుచుందురు. వేడి మితిమీఱినచో ఈస్టు చచ్చి ఆసవము చెడును. కనుక తొట్టి వేడిని కనిపెట్టుచుండుట ఆసవశాల పెద్దకు ముఖ్యమైన పని.

అటుపిమ్మట మఱియొక సూక్ష్మజీవి ఆసవములోని తీక్ష్ణమైన పులుపును మెత్తని పులుపుగ మార్చును. దీని స్వభావమును విప్పిచెప్పి, ఆసవశాలలయందు శుభ్రతను, శాస్త్రీయ పరీక్షను అలవఱచినవారిలో బోర్దో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎమీల్ పేనో (1912-2004) అగ్రగణ్యుడు.

తరువాత ఆసవము సిందూరజాతి చెట్టు కొయ్యతో చేసిన పీపాలలో చేరును. బోర్దో పీపా 225 లీటర్లది. అనగా 300 సీసాలది. అందు ఏడాది మొదలు ఏడాదిన్నర వఱకు, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు నుండును. ఆవిరియై తరిగినంత మరల నింపుచుండవలెను. లేనిచో గాలి తగిలి పులిసి పాడగును. సుమారు మూడు నెలలకొకసారి మడ్డిని విడిచి వేఱొక పీపాలోనికి తేర్చుదురు. చివరకు కోడిగ్రుడ్ల తెల్లసొనను గిలకొట్టి పోయుదురు. అది వగరును మడ్డిని పట్టుకొని అడుగునకు దిగి ఆసవమును తేటపఱచును. మనవారు బురదనీటిని ఇండుపగింజతో తేర్చుట ఈ విధమైనదే. పూర్వము పీపాలతోనే వర్తకునకు అమ్మెడివారు. సరకులో కల్తీకి ఇది అవకాశమిచ్చెను. 1924లో ముతోన్ నిర్వాహకుడు ఫిలిప్ ద రోట్‌షిల్డ్ పంటనంతయు తోటలోనే సీసాలకెక్కించుట ప్రారంభించి, పేరునకు తానే పూచీపడెను. తక్కిన మేటి తోటలు క్రమముగ ఈ దారినే పట్టినవి.

మూడు తెగుళ్ళు

పందొమ్మిదవ శతాబ్దిలో బోర్దో తోటలపై వరుసగ మూడు ఆపదలు పడినవి. మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవే. 1850ల ప్రారంభమున బూడిదతెగులు వచ్చెను. గంధకపు పొడి చల్లి దానిని అణచిరి.

రెండవది ఫిలోక్సెరా యను పేనుబంక జాతి పురుగు. ఇది వేరునంటి తీగను చంపును. 1860లలో ఫ్రాన్సు దక్షిణమున కానవచ్చి, ఆ దశకము ముగియకముందే బోర్దో పొలిమేరను చేరెను. 1868లో ప్లాంషోన్ అను శాస్త్రజ్ఞుడు పురుగును గుర్తించెను. ప్రభుత్వము 1874లో దీనికి మందు కనుగొన్నవానికి 3,00,000 ఫ్రాంకులు బహుమానము ప్రకటించెను. బోర్దో వాసియగు లియో లలిమాన్ అమెరికా ద్రాక్ష యీ పురుగునకు లొంగదని 1869లోనే చెప్పియుండెను. అమెరికా తీగ వేరుపై ఫ్రెంచి తీగను అంటుకట్టుటయే తుదకు నిలిచిన ఉపాయము. కాని లలిమానునకు బహుమానము దక్కలేదు. అమెరికా మొక్కలను తెప్పించినవారిలో అతడొకడగుటచే, పురుగును తెచ్చినవాడును అతడే కావచ్చునని నింద మోపిరి. ఆ బహుమానము ఎవరికిని ఇవ్వబడలేదు. తోటలు మాత్రము అంటుతోనే బ్రదికినవి. నేడు బోర్దో తీగలు దాదాపుగ అన్నియు పైభాగమున ఫ్రెంచివి, వేరున అమెరికావి.

అంటుకొఱకు తెప్పించిన మొక్కలతోబాటు 1878లో మూడవదియగు బూజుతెగులు దిగెను. ఆకులు రాలి కాయలు పండకుండెను. 1882 శరత్తున బోర్దో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పియేర్ మిలార్దే మెడోక్‌లోని సాంజులియెన్ గ్రామము మీదుగ పోవుచు ఒక విచిత్రము గమనించెను. తోటయంతయు ఆకు రాల్చియుండగా, దారిప్రక్క సాళ్ళు మాత్రము పచ్చగ నుండెను. విచారింపగా, బాటసారులు పండ్లు కోసికొనిపోకుండ, విషమని భయపెట్టుటకు మైలుతుత్తమును సున్నమును కలిపి ఆ సాళ్ళపై చల్లుట తోటవారి వాడుకయని తెలిసెను. దొంగలను తఱుముటకు చల్లినది తెగులును తఱిమినది. మిలార్దే, రసాయనశాస్త్రజ్ఞుడు గేయోన్, తోటల నిర్వాహకుడు ఎర్నెస్ట్ దవీద్ కలిసి పరీక్షలు జరిపి, పాళ్ళు నిర్ణయించి, 1885లో ఫలితములను ప్రకటించిరి. అదియే బోర్డో మిశ్రమము. తోటకాపరి ఉపాయమును పండితుని చూపును కలిసి చేసిన ఆ మందు అనతికాలమున దేశదేశముల తోటలకు వ్యాపించి, ద్రాక్ష పండని కోనసీమకు గూడ చేరినది.

పేరునకు రక్షణ

తెగుళ్ళచే సరకు తగ్గినపుడు కల్తీ పెరిగెను. ఎచటనో చేసిన దానికి బోర్దో పేరు పెట్టి అమ్మసాగిరి. నిజమైన రైతు తన పేరుచేతనే నష్టపోయెను. దీనికి విరుగుడుగ 1911లో బోర్దో అను పేరు జిరోండ్ మండలపు పంటకే చెల్లునని హద్దులు నిర్ణయించిరి. 1935 నాటి శాసనము దేశమంతటికిని వర్తించు పద్ధతినేర్పఱచెను. ఏ సీమ పేరు వాడవలెనన్నను ఆ సీమ నేలలో, నిర్ణీతమైన రకములను, ఎకరమునకు నిర్ణీతమైన దిగుబడికి మించక పండింపవలెను. పేరు ఒక వ్యక్తి సొత్తు గాదు, సీమవారి ఉమ్మడి సొత్తు అనునది ఇందలి మూలసూత్రము.

ఈ సూత్రము తెలుగువారికి దూరమైనది కాదు. భారతదేశమున 1999లో చేయబడిన భౌగోళిక సూచికల చట్టము ఈ భావము పైననే నిలిచినది. పోచంపల్లి ఇక్కత్, బనగానపల్లె మామిడి దీని రక్షణ పొందినవి. తెలుగు పద్మశాలీలు తరతరములుగ మగ్గములు నడుపుచున్న షోలాపురమందలి దుప్పటికిని అట్టి రక్షణ లభించినది. ఊరి పేరును కాపాడుట నేతగాని కూటిని కాపాడుటయే యని మెడోక్ రైతునకు ముందు తెలిసినది. తెలుపవలసిన అవసరము షోలాపురపు నేతగానికి లేదు.

నేటి స్థితి

ప్రసిద్ధములైన షాతోలను చూచి మండలమంతయు సంపన్నమని తలచుట పొరపాటు. పట్టికలకెక్కిన తోటలు కొలదివి. వేలకొలది రైతులు సామాన్యమైన ఆసవము పండించువారు. 1930ల కష్టకాలమున వారు సహకార ఆసవశాలలు నెలకొల్పి నిలద్రొక్కుకొనిరి. 1956 ఫిబ్రవరి చలికి కుడిగట్టున తీగలు మూలమంట చనిపోగా మరల నాటుకొనిరి. నేడు వారికి వచ్చిన ఆపద చీడ కాదు, చలి కాదు, కొనువాడు లేకపోవుట. ఫ్రాన్సులో ఎఱ్ఱ ఆసవము త్రాగువారు తరమునకు తరము తగ్గుచున్నారు. పీపా ధర సాగు ఖర్చునకు చాలక, 2022 డిసెంబరులో రైతులు బోర్దో వీథులలో ఊరేగి, తోటలు తీసివేయుటకు సాయము కోరిరి. 2023లో హెక్టారుకు 6,000 యూరోల పరిహారముతో తీగలను పెఱికివేయు పథకము ప్రకటింపబడెను. తాతలు అంటుకట్టి బ్రదికించిన తోటలను మనుమలు వేలకొలది హెక్టార్లలో పెఱికివేయవలసివచ్చినది.

ఎండలు పెరిగి మెర్లో తొందరగా పండుచున్నందున, వేడికి తాళు క్రొత్త రకములను పరిమితముగ నాటుటకు 2021లో అనుమతి వచ్చినది. బోర్డో మిశ్రమము గూడ ఒక సమస్యయైనది. నూఱేండ్లకు పైగా చల్లిన రాగి నేలలో పేరుకొని సూక్ష్మజీవులకును వానపాములకును హాని చేయుచున్నదని తెలిసి, ఐరోపా సమాఖ్య ఏడేండ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి మించరాదని నియమించినది. మందునకు గూడ మితము కావలెనను ఈ పాఠము ఆ మందునే వాడు మన తోటలకును వర్తించును.

బోర్దో విద్య భారతదేశమునకును వచ్చినది. 1990లలో పొమెరోల్ వాసియగు మిషెల్ రొలాన్ అను నిపుణుడు బెంగుళూరు సమీపమున నందికొండల పాదమందలి గ్రోవర్ ద్రాక్షతోటలకు సలహాదారయ్యెను.

బోర్దో చరిత్ర గులకరాళ్ళ చరిత్ర మాత్రమే కాదు. నేల యిచ్చినది కొంత, నదియు రేవును ఇచ్చినది కొంత. తక్కినది ఆపద వచ్చినప్పుడెల్ల వేరు మార్చుకొని యైనను తీగను నిలిపిన రైతుల ఓర్పు. నేల మారినను, వేరు పరాయిదైనను పండులోని రుచి తమదిగనే నిలుపుకొనిన ఆ తీగల కథ, పరసీమలలో తరతరములుగ నిలిచి తమ పలుకును నిలుపుకొనుచున్నవారికి వేఱుగ విప్పిచెప్పనక్కఱలేదు.